తెల్లపిల్లికి తోడు పెట్టిన రోజులు

ఉద్యోగంలో నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. చాలామటుకు నాకూ పైవాడికీ తప్ప ఎవరికీ తెలియకుండా గడిచిపోయాయి. ఒక్కదాన్ని మాత్రం నేనే చంకన పెట్టుకుని మోసుకొచ్చి, నలుగురి ముందూ కిందికి దించి, చూడండి నా తెలివి అని చూపించాను. ఆ సంగతే ఇప్పుడు చెబుతాను. పెంపుడు జంతువుల ఆసుపత్రిలో పని దొరికిందని ఈమధ్య మా వైపు కుర్రాళ్ళు ఇద్దరు వచ్చి సలహా అడిగారు. సలహాలు చెప్పేంత గొప్పగా నేను పనిచేయలేదు. ఎక్కడ తప్పటడుగు వేశానో చెప్పగలను, బహుశా అదే ఎక్కువ పనికొస్తుంది.

నేను జగిత్యాల వైపు గొర్రెల కాపరుల ఇంట్లో పుట్టాను. సౌదీ వెళ్ళింది కూడా గొర్రెల కాపరి వీసా మీదే. బురైదా దాటాక, ఖర్జూరపు తోటలు కూడా అయిపోయాక, ఇసుకలో ఒక రేకుల షెడ్డు, రెండు వందల గొర్రెలు, నేను. కొన్నేళ్ళు అక్కడే గడిచాయి. తర్వాత నితాఖత్ వచ్చింది, ప్రతిచోటా ఇంతమంది సౌదీలకు పని ఇవ్వాలన్న చట్టం. కాగితాలు సరిచేసుకోమని ప్రభుత్వం మొహలత్, అంటే గడువు, ఇచ్చింది. అప్పట్లో మనవాళ్ళు ఎంతమంది తట్టాబుట్టా సర్దుకుని వెనక్కి వచ్చారో మీ ఇళ్ళల్లో పెద్దల్ని అడగండి. నా అదృష్టం కొద్దీ, అల్ ఖోబర్‌లో ఒక జంతువుల ఆసుపత్రికి జీవాల పని తెలిసిన మనిషి కావాలని తెలిసింది. నా వీసాకు పూచీ ఉండే యజమాని, కఫీల్, మారాడు, ఇఖామా కార్డు మీద కాపరి అన్న మాట పోయి జంతువుల సహాయకుడు అన్న మాట వచ్చింది. కాగితం మారింది కానీ నేను లోపల కాపరిగానే ఉండిపోయాను. అసలు చిక్కంతా అక్కడ వచ్చింది.

ఆసుపత్రి పెద్దదేమీ కాదు. ముందు గదిలో రిసెప్షన్, పక్కన డాక్టర్ గది, వెనక హాల్లో వరసగా పంజరాలు, చివర గాజు తలుపున్న చిన్న గది. డాక్టర్ సూడాన్ మనిషి. నెమ్మదస్తుడు, తల నెరిసింది, ఎంత కోపం వచ్చినా గొంతు పెంచేవాడు కాదు. దానివల్ల నాకు ఆయన కోపం ఎప్పుడు వచ్చిందో చాలాకాలం తెలిసేది కాదు. పంజరాలు కడగడం, తిండి పెట్టడం, బరువు చూడటం, సూది వేసేటప్పుడు జంతువును పట్టుకోవడం నా పని. పట్టుకోవడంలో నన్ను మించినవాడు లేడని ఆయనే అనేవాడు. ఆ మాట నాకు బాగా తలకెక్కింది.

రిసెప్షన్‌లో ఒక సౌదీ అమ్మాయి ఉండేది. ఇంతమంది విదేశీయులుంటే ఇంతమంది ఈ దేశపువాళ్ళు ఉండాలన్న నిబంధన కోసం పెట్టుకున్న మనిషి. లెక్క కోసం వచ్చింది, కుర్చీకి బరువు అని మొదట్లో మేము వెనకాల నవ్వుకున్నాం. ఆమె మాత్రం ఏడాది తిరక్కుండానే వచ్చే ప్రతి పిల్లి పేరూ, దాని టీకాల తేదీలూ నోటికి చెప్పేది. మధ్యాహ్నం డాక్టర్ ఇంటికి వెళ్ళాక ముందు గదిలో ఒక్కతే తన డబ్బా విప్పుకునేది. నేను వెనక హాల్లో నా డబ్బా విప్పుకునేవాణ్ణి. ఆడపిల్ల, పైగా ఆ దేశపు మనిషి, పిలిస్తే బాగుండదేమో అని నేను. ఆమె ఏమనుకునేదో నాకు తెలియదు. అలా ఏళ్ళు గడిచాయి.

ఆ తర్వాత కుటుంబాల మీద ఫీజులు వచ్చాయి. ఇంట్లో భార్యాపిల్లల్ని పెట్టుకున్న విదేశీయులు ఒక్కో తలకూ ప్రభుత్వానికి కట్టాలి. ఖోబర్‌లో ఇరవై ఏళ్ళుగా పాతుకుపోయిన కాపురాలు కూడా సామాను అమ్ముకుని, ఎగ్జిట్ కొట్టించుకుని దేశం వదిలాయి. మా ఆసుపత్రికి అది పిల్లుల రూపంలో తెలిసింది. పొద్దున్నే తలుపు తీసేసరికి అట్టపెట్టెలో పిల్లి. రెండు రోజులు ఉంచుకోండి, వచ్చి తీసుకెళతాం అని వదిలి వెళ్ళిన పిల్లి. ఆ రెండు రోజులు ఎప్పటికీ పూర్తయ్యేవి కావు.

అలా మిగిలినవాడే ఎర్రోడు. ఎర్రటి జుట్టు, గుండ్రటి మొహం, ఒక చెవి చివర కొరుక్కుపోయింది. మనుషులకు పేర్లు పెట్టడం రాదు కానీ జీవాలకు రంగును బట్టి పేరు పెట్టడం మా కులవిద్య. వీడి తిండి సంగతి చెప్పక్కర్లేదు. తన గిన్నె అయ్యాక పక్క పంజరంలోకి చెయ్యి పెట్టేవాడు. వచ్చిన రోజే రక్తపరీక్ష చేశారు, ఏ జబ్బూ లేదు. హాల్లో విచ్చలవిడిగా తిరిగేవాడు. రిసెప్షన్ అమ్మాయికి వాడంటే ప్రాణం. వాళ్ళ అమ్మను నెలల తరబడి బతిమాలి చివరికి ఒప్పించింది. ఇంట్లో ఇప్పటికే రెండు పిల్లులున్నాయి, మూడోది వీడు. నీలం రంగు మెడపట్టీ కూడా కొని టేబుల్ సొరుగులో పెట్టుకుంది. వాడు వెళ్ళే రోజు కూడా అనుకున్నారు.

తెల్లపిల్లి వచ్చింది సరిగ్గా అప్పుడే. దాన్ని తెచ్చినావిడ కర్నూలు మనిషి. భర్త దమ్మామ్‌లో ఒక కంపెనీలో టెక్నీషియన్. ఫీజుల దెబ్బకు ఆమెనూ ముగ్గురు పిల్లలనూ ఊరికి పంపేసి తాను బ్యాచిలర్ గదికి మారాలని నిర్ణయించుకున్నాడు. ఎగ్జిట్ పడింది, టికెట్లు అయ్యాయి, ఇరవై రోజుల గడువుంది. పిల్లిని కూడా తీసుకెళ్ళాలని వాళ్ళ ఆశ. టీకాల కోసం తెస్తే డాక్టర్‌కు దాని వాలకం నచ్చలేదు. చిగుళ్ళు ఎర్రగా పుండ్లు పడి ఉన్నాయి. ఎత్తితే ఖాళీ సంచి బరువు. రక్తం తీసి చూస్తే పిల్లులకు వచ్చే లుకేమియా అని తేలింది.

డాక్టర్ ఆవిడకు ఇంగ్లీషులో, నాకు అరబీలో విడమరిచి చెప్పాడు. ఇది వైరస్ వల్ల వచ్చేది. నయం కాదు. కానీ తిండి తింటూ, చూసేవాళ్ళుంటే కొన్ని నెలలు, ఒక్కోసారి ఏళ్ళు కూడా బతుకుతుంది. ఇప్పుడున్న స్థితిలో మాత్రం విమానం ఎక్కిస్తే దారిలోనే పోతుంది. మూడు రోజులు వరసగా, ఎవరూ నోట్లో పెట్టకుండా, తనంతట తాను తిన్నదని చూస్తేనే ప్రయాణం కాగితం మీద సంతకం పెడతానన్నాడు. భర్త పక్కకు తిరిగి, ఇక్కడే వదిలేద్దాం అన్నట్టు ఏదో అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. నేను తెలుగువాణ్ణని తెలిసి నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, నా పిల్లోళ్ళతో పాటు పెరిగిందిది. దీన్ని ఈడ ఇడిసిపెట్టి నేను ఫ్లైట్ ఎక్కలేను. అది తినేటట్ల సెయ్యి, అంతే సాలు."

"తింటదమ్మా, నాకిడిసిపెట్టు. పుట్టినసంది జీవాలకు మేతేసుడే నా పని" అన్నాను. ఆ ధీమాకు ఇప్పుడు సిగ్గేస్తుంది.

డాక్టర్ తెల్లపిల్లిని గాజు తలుపు గదిలో పెట్టించి, తలుపుకు ఎర్ర చీటీ అంటించాడు. దీని గిన్నె వేరు, దొడ్డికి కూర్చునే మట్టి పెట్టె వేరు, బయటికి వస్తే చేతులు కడుక్కో, వేరే పిల్లి దీని దగ్గరికి రాకూడదు అన్నాడు. ఇది నాకు అంటుతుందా అని అడిగాను. మనుషులకు రాదు అన్నాడు. నాకు రాదంటే ఇది అంటురోగం కాదని నేను అనుకున్నాను. గొర్రెల్లో బొబ్బరోగం చూశాను, నోటిపుండ్లు చూశాను, అవి అంటుకుంటాయి, కంటికి కనబడతాయి. ఇదేమో రక్తంలో ఎక్కడో ఉందంటున్నారు. మరి వేరుగా ఎందుకు పెట్టమన్నట్టు? మందలో బక్కచిక్కిన గొర్రెను మేమూ వేరుగా కడతాం, బలమైనవి పొడవకుండా. ఇదీ అందుకే కాబోలు అనుకున్నాను. ఇంకో మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు, ఎందుకంటే నాకు తెలుసనుకున్నాను. ఈ ఒక్క వాక్యం కింద గీత గీసుకోండి.

మొదటి మూడు రోజులు డాక్టర్ చెప్పినట్టే చేశాను. చిగుళ్ళకు మందు రాశాను. ఆకలి పుట్టించే మాత్ర రోజు విడిచి రోజు వేశాను. చేపముద్దను వేడినీళ్ళ గిన్నెలో పెట్టి, వాసన లేచేలా గోరువెచ్చగా చేసి, మీసాలు తగలకుండా వెడల్పాటి పళ్ళెంలో చెంచాడు మాత్రం పెట్టి, తలుపేసి వచ్చేసేవాణ్ణి. అది మా పద్ధతి. పెట్టి రావాలి, గంట తర్వాత వెళ్ళి మిగిలింది తూయాలి. ఎంత పెట్టానో అంతా అలాగే ఉండేది. నాలుగోరోజు సూది లేని సిరంజితో నోట్లో పోశాను. అది చొంగ కార్చుకుంటూ మూలకు నక్కింది. ఆ తర్వాత నన్ను చూస్తేనే మూలకు పోయేది. డాక్టర్ సిరంజి ఆపించేశాడు. తిండి అంటే భయం పుట్టిందంటే ఇక మనం గెలవలేం అన్నాడు.

కర్నూలు ఆవిడ రోజూ ఫోన్ చేసేది. ఇవాళ మూతి పెట్టిందా అని అడిగేది. నేను వాసన చూసింది, పళ్ళెం దాకా వచ్చింది అని నోటికొచ్చింది చెప్పేవాణ్ణి. నిజానికి అది గోడకేసి తిరిగి కూర్చునేది.

అప్పుడు నాకు మా నాన్న పద్ధతి గుర్తొచ్చింది. మేత మానేసిన గొర్రె పక్కన మందలోకెల్లా తిండిపోతును తెచ్చి ఒకే తొట్టి దగ్గర కట్టేవాడు. అది పరపరా నములుతుంటే ఇది చూసి చూసి మూతి పెట్టేది. నూటికి తొంభైసార్లు పనిచేసేది. ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది, అది నా సొంత సంగతి. బురైదా షెడ్డులో మొదటి ఏడాది నాకు అన్నం సహించకుండా పోయింది. రోగం లేదు, నొప్పి లేదు, వండుకున్నది గొర్రెలకు వేసేవాణ్ణి. ఆ ఫారం యజమాని తండ్రి, బాగా ముసలాయన, శుక్రవారాలు వచ్చేవాడు. పెద్ద పళ్ళెంలో అన్నం, మాంసం తెచ్చి ఇసుక మీద పెట్టి, "తఫద్దల్" అనేవాడు. రా, నువ్వూ తిను అని. నేను వచ్చి కూర్చుని చెయ్యి పెట్టేదాకా ఆయన ముద్ద ఎత్తేవాడు కాదు. ఆయనతో కూర్చుంటే ఇద్దరు మనుషుల అన్నం తినేవాణ్ణి. ఒంటరిగా ఏ ప్రాణీ సరిగ్గా తినదని నాకు అప్పుడే గట్టి నమ్మకం కలిగింది.

ఆ మధ్యాహ్నం డాక్టర్ ఇంటికి వెళ్ళగానే ఎర్రోణ్ణి ఎత్తుకుని గాజు గదిలోకి పోయాను. కొట్టుకుంటాయేమోనని రెండింటి మధ్యా కాళ్ళు చాపుకుని నేలమీద కూర్చున్నాను. పళ్ళెం పెట్టీ పెట్టగానే ఎర్రోడు దాని మీద పడ్డాడు. తెల్లది తల తిప్పి చూసింది. కాసేపటికి నా కాలు పక్కనుంచి వచ్చి, వాడు తింటున్న పళ్ళెం అంచు నాకింది. మర్నాడు రెండు ముద్దలు తిన్నది. నాలుగోరోజుకు పళ్ళెం ఖాళీ చేయడంలో వాడితో పోటీ పడింది. రోజూ మధ్యాహ్నం రెండు గంటలసేపు అదే గదిలో కూర్చునేవాణ్ణి. తిన్నాక తెల్లది ఎర్రోడి మొహం నాకి శుభ్రం చేస్తుంటే ముచ్చటగా చూశాను. ఆ ముచ్చట పది రోజులు నడిచింది.

బరువు పెరిగింది. సాయంత్రం డాక్టర్ ఎదుట కూడా, నేను గదిలోనే ఉండగా, తనంతట తాను తిన్నది. మాత్ర పనిచేసింది, చిగుళ్ళు మానాయి అని ఆయన సంతోషించాడు. నేను లోలోపల నవ్వుకుని ఊరుకున్నాను.

సంతకం పెట్టే రోజు వచ్చింది. భార్యాభర్తలిద్దరూ కొత్త పంజరం పట్టుకుని వచ్చారు. తెల్లపిల్లి డాక్టర్ బల్లమీద కూర్చుని ఉంది. రిసెప్షన్ అమ్మాయి ముద్ర తీసుకుని తలుపు దగ్గర నిలబడింది. డాక్టర్ కాగితం నింపుతూ, ఆ మాత్ర గురించి మరోసారి మెచ్చుకోలుగా మాట్లాడాడు. నాకు ఆగలేదు. డాక్టర్ సాబ్, మాత్ర కాదు, ఒక్క నిమిషం అని వెనక్కి వెళ్ళి, ఎర్రోణ్ణి చంకన పెట్టుకొచ్చి, తెల్లదాని పక్కన దించాను. జేబులో తెచ్చిన ముద్ద ఒక పళ్ళెంలో పెట్టాను. రెండూ మూతులు కలిపి తిన్నాయి. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

డాక్టర్ కలం కింద పెట్టాడు. ఎన్ని రోజుల నుంచి అని అడిగాడు. పది అన్నాను. ఒకే పళ్ళెమా అన్నాడు. ఒకే పళ్ళెం అని గర్వంగా చెప్పాను. ఆయన ముందుగా ఎర్రోణ్ణి ఎత్తి నేలమీద దించాడు. తర్వాత నాతో, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. ఈ జబ్బు పిల్లి నుంచి పిల్లికి పోతుంది. పోయే దారి దాని ఉమ్ము. ఒకే పళ్ళెంలో తిన్నా, ఒకదాన్నొకటి నాకినా, రోజుల తరబడి కలిసి ఉన్నా పోతుంది. ఈ జబ్బు టీకా ఎర్రోడికి లేదు.

కర్నూలు ఆవిడకు అరబీ రాదు. మొహాలు చూసి భయపడి, ఏమంటున్నాడు, సంతకం పెట్టనంటున్నాడా అని నన్నే అడిగింది. నా తప్పును నేనే తెలుగులోకి మార్చి ఆమెకు చెప్పాల్సి వచ్చింది.

"నా పిల్లి తినాలని ఇంగో పిల్లికి తెగులు అంటిచ్చినావా అన్నా" అంది.

డాక్టర్ సంతకం పెట్టాడు. తెల్లపిల్లి తింటోంది కాబట్టి ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నాడు. రిసెప్షన్ అమ్మాయి ముద్ర కొట్టింది. ఆ కుటుంబం తెల్లపిల్లిని పంజరంలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చి, ఎర్రోడి సంగతి తెలియజేయమని నా నంబర్ తీసుకుంది. వాళ్ళు వెళ్ళాక డాక్టర్ నన్ను తిట్టలేదు, కఫీల్‌కు చెప్పలేదు. ఇది గొర్రె కాదు అని ఒక్కమాట అని చేతులు కడుక్కున్నాడు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

ఎర్రోడికి జబ్బు అంటిందో లేదో వెంటనే తెలియదు. నెల దాటాక పరీక్ష చేయాలి. అందాకా వాణ్ణి హాల్లో తిరగనివ్వకూడదు. తెల్లది ఖాళీ చేసిన గదినే మందునీళ్ళతో కడిగి వాణ్ణి అందులో పెట్టాను. రిసెప్షన్ అమ్మాయికి క్షమాపణ చెబుదామని ముందు గదికి వెళ్ళాను. నా అరబీ గొర్రెలకూ గడ్డికీ సరిపోయే అరబీ, క్షమాపణకు సరిపోలేదు. ఇంట్లో రెండు ఉన్నాయి అని మాత్రం అంది. మెడపట్టీ ఉన్న సొరుగు మూసేసింది.

పరీక్ష రోజు వాణ్ణి నేనే పట్టుకున్నాను. రక్తపు చుక్క వేసి, పది నిమిషాలు ఆగి, ప్లాస్టిక్ ముక్క మీద రంగు చుక్కలు ఎన్ని వస్తాయో చూడాలి. రాకూడని చుక్క వచ్చింది. కొన్ని పిల్లుల్లో ఒళ్ళే దాన్ని తరిమేస్తుంది, మళ్ళీ చూద్దాం అన్నాడు డాక్టర్. ఇంకో రెండు నెలలు ఆగి మళ్ళీ చూశాం. మళ్ళీ వచ్చింది. రెండు ఆరోగ్యమైన పిల్లులున్న ఇంటికి వాడు ఇక వెళ్ళలేడు. ఆ గాజు తలుపు గదే వాడి ఇల్లు.

అప్పటికి వాడు తిండి కూడా మానేశాడు. నా బతుకులో నేను చూసిన అతి పెద్ద తిండిపోతు, గిన్నె పెడితే గోడకేసి తిరిగి కూర్చున్నాడు. వెచ్చటి చేప, మాత్ర, వెడల్పాటి పళ్ళెం, అన్నీ అయ్యాయి. జబ్బు ఇంకా ముదరలేదు, నోట్లో పుండు లేదు, ఇది దిగులు అన్నాడు డాక్టర్. పెట్టి వచ్చేవాణ్ణి, గంటకు వెళ్ళి తూచేవాణ్ణి, అంతా అలాగే ఉండేది. వాడు నా చేతిలోనే చచ్చిపోతాడని భయం పట్టుకుంది. అదే సమయంలో, విదేశీ పనివాళ్ళ మీద ప్రభుత్వానికి కట్టాల్సిన లెవీలు పెరిగాయనీ, ఈసారి నా ఇఖామా రెన్యూవల్ ఉండదనీ కఫీల్ కబురు పెట్టాడు. నాకూ వయసైపోయింది. రెండు నెలల్లో నేను కూడా ఎగ్జిట్.

కర్నూలు ఆవిడ నుంచి అంతకుముందు రెండుసార్లు మెసేజ్ వచ్చింది, ఎర్రపిల్లి బాగుందా అని. ఏం చెప్పాలో తెలియక జవాబు ఇవ్వలేదు. మూడోసారి మాటలు రికార్డు చేసి పంపింది. మధ్యాహ్నం పంజరాలు కడుగుతూ విన్నాను.

"అన్నా, తెల్లది బాగుంది. కాకుంటే గిన్నె ఆడ పెట్టి పోతే ముట్టదు. మేము దస్తర్‌ఖాన్ పరిసి అన్నాలకు కూసుంటే వస్తాది, మా పక్కన కూసోని తింటాది. ఆడ పక్కన కూసుంటినని నువ్వే సెప్తివి గదా, అదే అలవాటైనట్టుంది దానికి. ఎర్రదాని సంగతి సెప్పన్నా, నీ మీద కోపం లేదు నాకు."

చీపురు పక్కన పెట్టి మళ్ళీ విన్నాను. ఆ పది రోజులూ ఆ గదిలో ఎవరెవరం ఉన్నాం? తెల్లది, ఎర్రోడు, మధ్యలో కాళ్ళు చాపుకుని నేను. అంతకుముందు పళ్ళెం పెట్టి తలుపేసి వచ్చేవాణ్ణి. ఎర్రోణ్ణి తీసుకెళ్ళిన రోజు నుంచే అక్కడ కూర్చోవడం మొదలుపెట్టాను. తోడు అంటే ఇంకో పిల్లే అనుకున్నాను కానీ, ఆ లెక్కలో నన్ను నేను వేసుకోలేదు. మాత్ర వల్లే తిన్నదేమో, వాడి వల్లే తిన్నదేమో, నాకు ఇప్పటికీ ఖాయంగా తెలియదు. కానీ వాణ్ణి తీసుకెళ్ళకుండా నేనొక్కణ్ణే కూర్చుని చూడొచ్చు కదా. ఆ ఆలోచన రాలేదు. బురైదాలో నా పక్కన కూర్చున్నది ఇంకో కాపరి కాదు, యజమాని తండ్రి. అది కూడా అప్పుడు తట్టలేదు. చాలా ఏడుపొచ్చింది. ఏడ్చాను, దాచుకోను.

తర్వాత నా డబ్బా తీసుకుని గాజు గదిలోకి వెళ్ళాను. నేలమీద కూర్చున్నాను. అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు. నా పక్కనే వాడి పళ్ళెం పెట్టి, వాడి వైపు చూడకుండా కలుపుకుని తినడం మొదలుపెట్టాను. సగం డబ్బా అయ్యేసరికి నా మోకాలికి వెచ్చగా ఏదో ఆనింది. ఎర్రోడు చెయ్యి చాపి నా పప్పన్నం వాసన చూసి, నచ్చక, తన పళ్ళెంలో మూతి పెట్టాడు. ఆ రోజు మూడు ముద్దలు తిన్నాడు. సాయంత్రం డాక్టర్ గాజు తలుపులోంచి మెతుకులు చూసి, ఊడవమన్నాడు, చేతులు కడుక్కోమన్నాడు. వద్దని మాత్రం అనలేదు.

కర్నూలు ఆవిడకు ఆ రోజే జవాబిచ్చాను. ఉన్నదున్నట్టు చెప్పాను. తెల్లపిల్లి ఆ తర్వాత ఏడెనిమిది నెలలు బతికిందనీ, చివరి వారం దాకా దస్తర్‌ఖాన్ దగ్గరికి వచ్చిందనీ నేను ఇంటికి వచ్చాక ఆమె చెప్పింది.

నేను వెళ్ళిపోతే ఎర్రోడి పక్కన ఎవరు కూర్చుంటారు? అదొక్కటే నన్ను పీకింది. నా స్థానంలో కొత్త మనిషి రావడం లేదు, ఉన్నవాళ్ళే పని పంచుకుంటారు. చివరికి ఒకరోజు ముందు గదికి వెళ్ళి ఆ అమ్మాయికి చెప్పాను. గొర్రెల అరబీలోనే చెప్పాను. వాడు ఒంటరిగా తినడు, పక్కన తినే మనిషి కావాలి, నేను పదిరోజుల్లో పోతున్నాను. ఆమె చెయ్యాల్సిందల్లా మధ్యాహ్నం తన డబ్బా అక్కడ విప్పుకోవడమే. ఇంటికెళ్ళే ముందు చేతులు కడుక్కుని బట్టలు మార్చుకుంటే ఇంట్లో పిల్లులకు భయం లేదని డాక్టర్ కూడా చెప్పాడు. ఆమె విని, టీకాల పుస్తకం ముందుకు లాక్కుంది.

నా ఆఖరి రోజు మధ్యాహ్నం నేను హాలు తుడుస్తున్నాను. ఆమె ముందు గదిలోంచి వచ్చింది. అబాయా మీద పాత కోటు ఒకటి తొడుక్కుంది. చేతిలో డబ్బా, ఖర్జూరాల పొట్లం, ఇంకో చేతిలో నీలం మెడపట్టీ. గాజు తలుపు బార్లా తెరిచి, గుమ్మంలోనే నేలమీద కూర్చుంది. మెడపట్టీ ఎర్రోడికి కట్టింది. వాడి పళ్ళెం పక్కన పెట్టుకుని, డబ్బా మూత తీసి, చెయ్యి పెట్టకుండా ఆగింది. వాడి వైపు చూసి, ఇంటికొచ్చిన చుట్టాన్ని పిలిచినట్టు, "తఫద్దల్" అంది.

ఎర్రోడు వచ్చి కూర్చున్నాడు. ఆమె ఇంకా ముద్ద ఎత్తలేదు. తుడిచే కర్ర పట్టుకుని నిలబడ్డ నా వైపు తల తిప్పి, మళ్ళీ అదే మాట అంది.

నేను వెళ్ళి చేతులు కడుక్కుని, నా డబ్బా తెచ్చుకుని గుమ్మానికి ఇవతల కూర్చున్నాను. అప్పుడు ఆమె మొదటి ముద్ద ఎత్తింది.